లేజరు చెక్కడములో వెలుగునీడలు

(తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)

 

వార్తాపత్రికలో ముద్రితమైన ఛాయాచిత్రము నొకదానిని భూతద్దముతో చూచినవారికి ఒక విచిత్రము గోచరించును. దూరమునుండి బూడిదవర్ణముగా కనిపించిన చెంప, దగ్గరకు వచ్చునప్పటికి, నల్లని చుక్కల గుంపుగా మారిపోవును. నీడ యున్నచోట చుక్కలు పెద్దవి. వెలుగు పడినచోట చిన్నవి. ముద్రణాలయము వాడినది ఒక్క నల్లసిరా మాత్రమే. బూడిదరంగు సిరా ఆ కాగితముపై ఎచ్చటను లేదు. ఆ రంగు చూచువాని కన్నులలో పుట్టినది.

నేటి విషయమునకు ఈ చిన్న పరిశీలనయే ప్రవేశద్వారము. కంప్యూటరుపై చిత్రమును సిద్ధపరచి, లేజరు యంత్రముచేత దానిని చెక్కపై గాని, అక్రిలిక్ పలకపై గాని చెక్కించు పని ఇప్పుడు పట్టణములలోని చిన్న దుకాణములకు సైతము వచ్చినది. ఇంటి పేరుపలకలు, సన్మాన జ్ఞాపికలు, శుభలేఖల అట్టలు ఈ యంత్రములపై తయారగుచున్నవి. గీతలను, అక్షరములను చెక్కించుట సులభము. నలుపునుండి తెలుపునకు మెల్లమెల్లగా దిగు ఛాయను చెక్కించుట మాత్రము అంత సులభము కాదు. గ్రేడియంట్ అని పిలువబడు ఈ ఛాయాక్రమమును యంత్రమునకు ఎట్లు తెలియజేయవలెను, అందులకై డిజైన్ సాఫ్ట్‌వేరును ఎట్లు అభ్యసింపవలెను అనునది నేటి ప్రసంగమునకు విషయము.

మొదట యంత్రమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. లేజరు అను మాట ఒక ఆంగ్ల పదబంధములోని మొదటి అక్షరముల కూర్పు. ఉత్తేజితమైన పరమాణువులచేత కాంతిని విడుదల చేయించి, ఆ కాంతిని వృద్ధిపరచుట అని దాని భావము. దీనికి మూలమైన సిద్ధాంతమును ఐన్‌స్టయిన్ 1917లో ప్రకటించెను. 1960 మే నెలలో అమెరికాయందు థియొడర్ మైమన్ కెంపు స్ఫటికముతో తొలి లేజరును వెలిగించెను. 1964లో బెల్ ప్రయోగశాలలయందు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేయు లేజరును రూపొందించినవాడు భారతీయుడైన చంద్రకుమార్ పటేల్. ఆయన 1938లో మహారాష్ట్రములోని బారామతిలో జన్మించి, పూనా ఇంజనీరింగు కళాశాలలో చదివి అమెరికాకు వెళ్లినవాడు. నేడు చెక్కను, అక్రిలిక్‌ను కోయుటకు దుకాణములలో వాడుచున్న యంత్రములలో పెక్కింటికి ఆ వాయులేజరే ప్రాణము.

దాని కిరణము కంటికి కనిపించదు. తరంగదైర్ఘ్యము 10.6 మైక్రాన్లు. చెక్క, కాగితము, తోలు, అక్రిలిక్ ఈ కిరణమును చక్కగా గ్రహించి వేడెక్కును. అద్దములు ఆ కిరణమును మలుపులు త్రిప్పి తెచ్చిన పిమ్మట, ఒక కటకము దానిని సూదిమొనవంటి బిందువుగా కేంద్రీకరించును. చిత్రమును చెక్కునప్పుడు యంత్రశిరస్సు పొలము దున్ను రైతువలె వ్యవహరించును. ఈ కొసనుండి ఆ కొసకు ఒక చాలు, మరల ఆ కొసనుండి ఈ కొసకు ఇంకొక చాలు. ప్రతి చాలులోను కిరణము వెలుగుచు ఆరుచు పోవును. వెలిగినచోట చెక్క కాలును. ఆరినచోట చెక్క తన సహజవర్ణముతో నిలుచును. యంత్రమునకు తెలిసిన విద్య ఇంతమాత్రమే.

కాలుటకు, కాలకుండుటకు నడుమ నున్న అనేకచ్ఛాయలను ఈ రెంటితోనే ఎట్లు సాధించుట? ఈ ప్రశ్న లేజరుతో పుట్టినది కాదు. ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ (1753–1828) గట్టి కొయ్య అడ్డుకోతపై సన్నని ఉలులతో చిత్రములు చెక్కి, గీతల సన్నదనముచేతను, వాటి నడుమ దూరముచేతను పక్షి ఈకల మెత్తదనమును చూపించెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున హాఫ్‌టోన్ బ్లాకులు వచ్చినవి. ఛాయాచిత్రమును సన్నని గళ్ల తెరగుండ మరల ఛాయాచిత్రము తీసి, చుక్కలుగా విడగొట్టి, లోహపు బ్లాకుపై దించుట ఆ పద్ధతి.

ఈ విద్యలో భారతదేశము వెనుకబడి యుండలేదు. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి (1863–1915) హాఫ్‌టోన్ పద్ధతిని గణితశాస్త్రదృష్టితో పరిశోధించి, తన వ్యాసములను ఇంగ్లండునుండి వెలువడిన పెన్రోజ్ వార్షిక సంచికలలో ప్రకటించెను. పిల్లల కథలు వ్రాసి, 1913లో సందేశ్ అను బాలల పత్రికను స్థాపించినవాడును ఆయనయే. సత్యజిత్ రాయ్‌కి ఆయన తాత. తన పుస్తకములలోని బొమ్మలు చెడిపోయి అచ్చగుట సహింపలేక ఆయన ఈ శాస్త్రమున ప్రవేశించెనని చెప్పుదురు. పిల్లల బొమ్మలపై గల ప్రేమ ఒక మనుష్యుని గణితమువైపు నడిపించినది. సాఫ్ట్‌వేరును నేర్చుకొనువారికి ఈ క్రమము గమనింపదగినది. చేయదలచిన వస్తువుపై మమకారము ముందు; పనిముట్టు తరువాత.

ఇక నేర్చుకొను విధానము. ఇది స్పష్టమగుటకై ఒక దృష్టాంతమును కల్పించుకొనవచ్చును. కేంద్రప్రభుత్వ కార్యాలయమొకదానిలో లెక్కల విభాగమున ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొనిన తెలుగు ఉద్యోగి ఒకడు నాగపూరులో చిన్న యిల్లు కట్టుకొనినాడనుకొందము. తల్లిది ఒకే ఒక ఫొటో ఆయనవద్ద నున్నది. ఎన్నడో స్టూడియోలో తీయించినది, అంచులు పసుపుబారినవి. గృహప్రవేశమునాటికి తల్లి ముఖమును, దానిక్రింద ఇంటిపేరును చెక్కించి ద్వారమునకు ఎదురుగా నిలుపవలెనని ఆయన సంకల్పము. కుమార్తెకు కంప్యూటరు తెలియును. పని ఆమె చేసిపెట్టగలదు. కాని ఆయన తానే నేర్చుకొని తన చేతులతో చేయదలచినాడు.

మొదట ఆయన ఇంక్‌స్కేప్ అను సాఫ్ట్‌వేరును తెరచినాడు. అది 2003లో ప్రారంభమైన ఉచిత సాఫ్ట్‌వేరు. ఎవరైనను మూల్యము లేకుండ దించుకొనవచ్చును. ఫొటోను కంప్యూటరులోనికి తీసికొని, దాని చుట్టును కోడిగ్రుడ్డు ఆకారమున ఒక మండలము గీచి, అంచున ముదురుగాను లోపల లేతగాను ఉండునట్లు గ్రేడియంట్ నింపినాడు. తెరపై అది మేఘము విచ్చుకొన్నట్లు కనిపించెను. సంతోషముతో దుకాణమునకు పోయి చెక్కించినాడు. ఫలకము బయటకు వచ్చుసరికి మండలమంతయు ఒకే మసిగా నుండెను. అందు తల్లి జుట్టు, చీర, మెడక్రింది నీడ కలిసిపోయి, ముఖము ఆ నలుపులో మునిగిపోయినది.

ఇంటికి వచ్చి మౌనముగా కూర్చున్న తండ్రితో కుమార్తె ఇట్లన్నది: "నాన్నగారూ, తెరమీద కనిపించేది రంగు. ఆ యంత్రానికి రంగు తెలియదు. కాల్చడం, కాల్చకపోవడం మాత్రమే తెలుసు. మధ్యనున్నదంతా లెక్క కట్టి మనమే ఇవ్వాలి."

ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే ఇది బొమ్మల పని కాదమ్మా, పద్దుల పనే. పద్దులు నాకు చేతనవును" అన్నాడు. ఆ క్షణముననే ఆయన నేర్చుకొనుట ఆరంభమైనదని చెప్పవచ్చును.

ఆయన గ్రహింపవలసిన మొదటి పాఠము, కంప్యూటరులో చిత్రములు రెండు జాతులవి అనునది. గీతలతో ఏర్పడిన చిత్రము ఒకటి. అందు వృత్తమనగా కేంద్రము, వ్యాసార్ధము. ఎంత పెంచినను అంచు చెడదు. దీనికి వెక్టర్ అని పేరు. కణములతో ఏర్పడిన చిత్రము రెండవది. అందు ప్రతి కణమునకును, అనగా పిక్సెలునకు, ఒక ఛాయ అంకెగా వ్రాయబడియుండును. ఫొటో ఈ జాతిది. ఇంక్‌స్కేప్‌లో నింపిన గ్రేడియంట్ ఒక సూత్రము మాత్రమే. ఇచ్చట ఇంత నలుపు, అచ్చట ఇంత తెలుపు, నడుమ క్రమముగా మారవలెనని చెప్పు ఆదేశమది. లేజరును నడుపు సాఫ్ట్‌వేరులు పెక్కు ఈ ఆదేశమును చదువజాలవు. అవి అంచుగీతను మాత్రము గ్రహించి, లోపలి భాగమును ఒకే తీరున కాల్చివేయును. ఆ యుద్యోగి ఫలకమునకు పట్టిన గతి ఇదియే. కావున గ్రేడియంటును, ఫొటోను కలిపి కణచిత్రముగా ఎగుమతి చేయవలెను. కోతగీతలను మాత్రము వెక్టరుగనే వేరొక రంగులో ఉంచవలెను. చెక్కడము మొదట, కోత చివర. ముందే కోసినచో పలక కదలి, చెక్కడము ప్రక్కకు పోవును.

రెండవ పాఠము కణముల సాంద్రత. ఒక చాలునకు, మరియొక చాలునకు నడుమ దూరము 0.1 మిల్లీమీటరు అయినచో, అంగుళమునకు 254 చాళ్లు పడును. చిత్రమును ఆ లెక్కకే, అనగా అంగుళమునకు 254 కణముల చొప్పుననే, ఎగుమతి చేసినయెడల ఒక కణమునకు ఒక చాలు సరిపోవును. సాంద్రత ఎంత పెంచిన అంత మేలని క్రొత్తవారు భ్రమపడుదురు. కిరణబిందువునకు కొంత వెడల్పు గలదు. చాళ్లు అంతకంటె దగ్గరైనచో ఒకదానిపై నొకటి పడి, కాలినచోటే మరల కాలి, లేతచ్ఛాయలు మాసిపోవును. కాలమును ఇనుమడించును. 20 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు గల ఫలకమునకు 0.1 మిల్లీమీటరు చొప్పున 1500 చాళ్లు కావలెను. ఒక్కొక చాలు 200 మిల్లీమీటర్లు గనుక మొత్తము ప్రయాణము 300 మీటర్లు. సెకనుకు 200 మిల్లీమీటర్ల వేగమున అది 1500 సెకనులు, అనగా 25 నిమిషములు. మలుపులవద్ద పట్టు కాలము దీనికి అదనము. దూరమును సగము చేసినచో 50 నిమిషములు పట్టును, ఫలితము అధ్వాన్నముగా నుండును.

మూడవది ప్రధానమైనది: ఛాయను చుక్కలుగా మార్చుట. దీనిని డిథరింగ్ అందురు. 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ అనువారు ప్రకటించిన పద్ధతి నేటికిని విస్తారముగా వాడుకలో నున్నది. లెక్కల విభాగమువారికి ఇది వెంటనే బోధపడును. కంప్యూటరు నలుపును 0 గాను, తెలుపును 255 గాను వ్రాసికొనును. ఒక కణము విలువ 100 అనుకొందము. అది నలుపునకు దగ్గర గనుక నల్లచుక్క పెట్టుదురు. కాని అందులో 100 పాళ్ల వెలుగు మిగిలిపోయినది. ఆ మిగులును పారవేయక, ఇరుగుపొరుగు పద్దులకు బదలాయింతురు. కుడిప్రక్క కణమునకు పదునారింట ఏడు వంతులు, అనగా 43.75, క్రింది వరుసలో ఎడమప్రక్కకు మూడు వంతులు, 18.75, సరిగా క్రిందికి ఐదు వంతులు, 31.25, కుడిప్రక్కకు ఒక వంతు, 6.25. కూడి చూచిన సరిగా 100. ఇప్పుడు కుడి కణము విలువయు 100 అయి యుండినచో, బదలాయింపుతో అది 143.75 అగును. ఇది తెలుపునకు దగ్గర గనుక తెలుపుగా విడువబడును. అట్లు విడిచినందున 111.25 లోటు ఏర్పడును. ఆ లోటును అదే వంతులలో ముందునకు సాగును. ఇట్లు చివరి కణమువరకు పద్దులు నడచునప్పటికి, ఏ కణమును బూడిదవర్ణముగా లేకపోయినను, చిత్రమందలి మొత్తము వెలుగు ఇంచుమించు తప్పకుండ నిలుచును. ఆ వెలుగే కంటికి ఛాయగా గోచరించును.

ఈ లెక్క యంతయు సాఫ్ట్‌వేరు ఒక్క మీట నొక్కగానే చేయును. అయినను దాని లోపలి తీరు తెలిసినవానికే ఒక నియమము అర్థమగును. చుక్కలుగా మార్చిన పిమ్మట చిత్రమును పెంచరాదు, కుదింపరాదు. పెంచినచో చుక్కల పద్దు చెదరి, చీరమడతలపై లేని అలలు పుట్టును. కొలత ముందు నిశ్చయించి, చుక్కలుగా మార్చుట చివర చేయవలెను.

కిరణశక్తినే ఛాయననుసరించి హెచ్చించుట, తగ్గించుట అను మరియొక మార్గము కలదు. మందమైన చెక్కపై లోతును మార్చి ఉబ్బెత్తు శిల్పమువంటిది చేయుటకు అది అనుకూలము. ముఖచిత్రములకు మాత్రము చుక్కలే మేలు. గాజుగొట్టపు లేజరులు ఒక కనిష్ఠశక్తికి దిగువన వెలుగనే వెలుగవు. కాబట్టి శక్తిని తగ్గించి లేతచ్ఛాయలను రాబట్టుట కష్టము.

నాలుగవ పాఠమును ఏ సాఫ్ట్‌వేరును చెప్పదు. దానిని చెక్కయే చెప్పవలెను. సున్న శాతమునుండి నూరు శాతమువరకు పది చొప్పున హెచ్చు పదునొకండు చిన్న చతురములను ఒక వరుసగా చేసి, పని జరుగు చెక్కముక్కపైననే మొదట చెక్కించి చూడవలెను. మన దృష్టాంతములోని యుద్యోగి ఈ పరీక్ష చేసినప్పుడు డెబ్బది శాతమునుండి నూరువరకు నాలుగు గళ్లును ఒకే నలుపుగా వచ్చినవనుకొందము. కారణము స్పష్టమే. కాలిన చుక్క తన హద్దులో నిలువక కొంచెము ఉబ్బును. చుక్కలు కిక్కిరిసినచోట నడుమనున్న తెలుపును మింగివేయును. అచ్చుపనివారికి సిరాచుక్క ఉబ్బుట ఎట్లు తెలిసిన విషయమో, ఇదియు అట్లే. ఔషధమేమనగా, చిత్రములోని గాఢమైన నలుపును డెబ్బది శాతమునకు తగ్గించి, తక్కిన ఛాయలను ఆ మేరకు సర్దుట. గింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో కర్వ్స్ అను సాధనముతో దీనిని చేయవచ్చును. తెరపై అప్పుడు చిత్రము వెలసినట్లు కనిపించును. క్రొత్తవాడు అది చూచి భయపడి మరల ముదురు చేయును. పరీక్షాఫలకమును నమ్మినవాడు తెర అందమును లక్ష్యపెట్టడు.

చెక్క మారినప్పుడెల్ల ఈ పరీక్ష మరల చేయవలెను. దేవదారుజాతి మెత్తకలపలో జిగురు గల వలయములు, మెత్తని భాగములు ఒక తీరుగా కాలవు; ముఖముపై చారలు పడును. సన్నని పోగు గల లేతవర్ణపు కలప చిత్రములకు యోగ్యము. పోతపోసిన అక్రిలిక్‌పై కిరణము పడినచోట తెల్లని మంచుపొర వచ్చును. నల్లని పలకరాతిపై లేతవర్ణపు గీత వచ్చును. అట్టిచో చిత్రమును నెగటివుగా మార్చి ఇయ్యవలెను. లేనిచో జుట్టు తెల్లగాను ముఖము నల్లగాను వచ్చును. అద్దమువంటి అక్రిలిక్‌కు వెనుకవైపున చెక్కి ముందునుండి చూపదలచినచో, చిత్రమును కుడియెడమలు తారుమారు చేయవలెను.

తెలుగు అక్షరముల విషయమున ప్రత్యేక శ్రద్ధ అవసరము. ఆ యుద్యోగి ఇంటిపేరు 'శాంతినిలయం' అనుకొందము. అక్షరములను చెక్కక, ఆరపార కోయించినచో సున్నలలోని బిళ్లలు రెండును ఊడి క్రిందపడును. సున్నలకు బదులు రెండు రంధ్రములు మిగులును. గుండ్రముగా మూసికొనిన ప్రతి భాగమునకును ఇదే ప్రమాదము. లోపలి బిళ్లను బయటి చెక్కతో కలుపు సన్నని వంతెనలు విడువవలెను. తెలుగు లిపిలో మూసిన గుండ్రములు మెండు గనుక ఈ జాగ్రత్త మెండుగ కావలెను. దుకాణపు కంప్యూటరులో అదే తెలుగు ఫాంటు లేకపోయినచో వత్తులు విడిపోయి, గుణింతములు చెదరును. కావున ఫైలును పంపుటకు ముందే అక్షరములను గీతలుగా మార్చుకొనవలెను. కొన్ని ఫాంటులలో తలకట్టు, అక్షరము ఒకదానిపై నొకటి ఎక్కియుండును. వాటిని యూనియన్ అను ఆదేశముతో ఏకము చేయనిచో, అతుకుచోట యంత్రము రెండు గీతలు కోయును. లేదా ఆ భాగమును చెక్కక విడిచిపెట్టును. అచ్చుతప్పును మరుసటి సంచికలో సవరింపవచ్చును. చెక్కపై పడిన తప్పునకు సవరణ లేదు.

ఈ విద్యలో ఆరోగ్యమునకు సంబంధించిన నియమములు కొన్ని ఉన్నవి. వాటిని ఉపేక్షింపరాదు. పివిసి అను ప్లాస్టిక్‌ను లేజరుక్రింద ఎన్నడును ఉంచరాదు. అది కాలునప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి, ఊపిరితిత్తులకు హాని చేయును. యంత్రపు లోహభాగములను తినివేయును. బజారులో దొరకు రెక్సిన్‌లో పెక్కింటికి పివిసి పూత యుండును. చూచుటకు తోలువలె నున్నదని దానిపై చెక్కింప బూనుట అపాయకరము. క్రోమియం లవణములతో పదునుచేసిన తోలును కూడ కాల్చరాదు. పొగను బయటకు పంపు గొట్టము, కిరణమునకు తగిన రక్షణకండ్లద్దములు లేక మూత, చేతికి అందునట్లు అగ్నిమాపకము తప్పనిసరి. పని సాగుచుండగా యంత్రమును విడిచి కాఫీకి పోరాదు. చెక్కయును అక్రిలిక్‌యును మండు పదార్థములు. ఒక్క చాలుచోట కిరణము ఆగిపోయినను నిప్పు అంటుకొనును.

చేతితో చెక్కి బ్రతుకువారి సంగతి యేమి యని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. ఆంధ్రదేశమున తోలుబొమ్మలు చేయు కుటుంబములు మేకతోలును కాంతి చొచ్చునంత పలుచగా సిద్ధపరచి, చిన్న ఉలులతో రంధ్రములు చేసి, రంగులు వేయును. తెరవెనుక దీపము వెలిగించినప్పుడు ఆ రంధ్రముల వరుసలే సీత హారములుగాను, రావణుని కిరీటములుగాను మెరయును. ఆభరణమునకు సన్నని రంధ్రములు, అంచునకు పెద్దవి. చుక్కలతో వెలుగును పంచు ఈ విద్యను వారు కంప్యూటరు నేర్చి చేయుట లేదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి ఈ కళకై 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. అట్టి చేతికి యంత్రము పోటీ కాజాలదు. కాని బజారులో దానికి హాని చేయగలదు. యంత్రముపై వందలుగా కోసిన వస్తువును చేతిపని యని చెప్పి అమ్మినచో, నిజముగా చేతితో చేసినవాని కూలి పడిపోవును. కావున లేజరు పనిని లేజరు పనిగనే చెప్పి అమ్ముట ఈ విద్య నేర్చినవారి మొదటి ధర్మము. కొనువారును ఇది చేతిపనియా, యంత్రపు పనియా యని అడిగి తెలిసికొనుట వారి ధర్మము.

నేర్చుకొనదలచినవారికి మార్గములు లేకపోలేదు. పూనా సమీపమున పాబళ్ గ్రామములోని విజ్ఞాన ఆశ్రమములో 2002లోనే ఫ్యాబ్ ల్యాబ్ ఏర్పడినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వెలుపల నెలకొన్న అట్టి ప్రయోగశాలలలో అది మొదటివాటిలోనిది. హైదరాబాదులో టి-వర్క్స్ 2023లో ప్రారంభమైనది. సాఫ్ట్‌వేరులు ఉచితముగా లభించుచున్నవి. యంత్రమును కొనవలసిన పనిలేదు. ఫైలును ఇంటివద్ద సిద్ధపరచి, దుకాణములో కోయించుకొనవచ్చును. కార్యాలయపు పని ముగించిన సాయంకాలములలో ఉద్యోగులు, సెలవుదినములలో గృహిణులు, విద్యార్థులు దీనిని అభ్యసింపవచ్చును. ఒకే ఒక హెచ్చరిక. సాఫ్ట్‌వేరులోని మీటలన్నియు కంఠస్థము చేయుటతో ఆరంభింపరాదు. ఒక చిన్న వస్తువును చేయ నిశ్చయించి, దానికి కావలసిన మీటలను మాత్రము నేర్చుకొనవలెను. తక్కినవి అవసరము వచ్చినప్పుడు వచ్చును.

దృష్టాంతములోని యుద్యోగిని మధ్యలో విడిచిపెట్టుట భావ్యము కాదు. ఆయన రెండవ ఫలకముపై ముఖము కనిపించెను గాని కన్నులు రాలేదు. మూడవదానిపై కన్నులు వచ్చెను, బొట్టు కనిపించలేదు. ప్రతిసారియు ఆయన ఫలకము వెనుక పెన్సిలుతో వేగము, శక్తి, చాళ్ల దూరము, తేదీ వ్రాసి పెట్టెను. ముప్పదియేండ్ల కార్యాలయపు అలవాటది. నాలుగవ ఫలకమునాటికి చెంపమీది నీడ మెత్తగా దిగినది. దగ్గరనుండి చూచిన చుక్కలు. నాలుగడుగుల దూరమునుండి చూచిన తల్లి. గృహప్రవేశమునాడు దానిని ద్వారమునకు ఎదురుగా నిలిపిరి. పాడైన మొదటి మూడింటిని ఆయన పారవేయలేదు. తాను పని చేసికొను బల్లమీద గోడకు వరుసగా తగిలించుకొనెను. అవి ఎందుకని అడిగిన కుమార్తెతో, "నాకు నేర్పినవి ఆ మూడే కదమ్మా" అన్నాడు.

యంత్రమునకు ఛాయ తెలియదు. ఛాయను చూచు కన్ను, దానిని లెక్కకు తెచ్చు ఓర్పు మనుష్యునివి. ఆ రెండును ఉన్నచోట ఏ వయస్సునందైనను ఈ విద్య పట్టుబడును.